మగ్గం ఆగితే లేచి నిలబడే పంతులు

మన వైపు బడిపంతుళ్ల సంఘం గురించి చెప్పుకోవాలంటే గొప్పలకు కొదువ లేదు. వడ్డేపల్లిలో కూలిన బడి గోడ తిరిగి లేచిందంటే సంఘం అడగబట్టే. వనపర్తి వైపు పంతుళ్ల చేత అధికారుల ఇళ్లకు కట్టెలు మోయించే ఆనవాయితీ పోయిందంటే సంఘం అడ్డం తిరగబట్టే. నాగర్‌కర్నూలు అడవి అంచున చెంచు పిల్లలు కూర్చునే బడి కావాలని నోరు తెరిచి అడిగింది కూడా సంఘమే. ఆ సంఘం తొలి పెద్దల్లో ఒకడైన గద్వాల మార్కండేయ పంతులు దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లలో డాక్టరున్నాడు, వకీలున్నాడు, తన నేతతో గద్వాల పేరు నలుదిక్కులా మోసినవాడున్నాడు. ఇవన్నీ ఛాతీ విరుచుకుని చెప్పుకోదగ్గ సంగతులే. అయితే ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మార్కండేయ పంతులు పుట్టు పిరికివాడు.

గౌరవం తక్కువై రాస్తున్న మాట కాదిది. ఆయన భయం ఎంతటిదో తెలియకపోతే ఆయన చేసిన పని ఎంతటిదో తెలియదు.

ఆయనది నేతవాళ్ల ఇల్లు. తండ్రి పోయాక మగ్గం అన్న రామస్వామి చేతికి వచ్చింది, పలక తమ్ముడి చేతికి వచ్చింది. వీధి మధ్యలో రామస్వామి ఇల్లు, దాన్ని ఆనుకునే బడి గది. రెండింటికీ నడుమ ఒకే మట్టి గోడ. అవతల మగ్గం ఆడితే ఇవతల గోడ సన్నగా అదిరేది.

ఆ బడికి గంట లేదు. మగ్గమే గంట. తెల్లవారగానే పిల్లలంతా ఇళ్లలో కూర్చుని ఆ పూటకు కావలసిన కండెలకు నూలు చుట్టిపెట్టాలి. కండెలు చేతికందాక పెద్దలు మగ్గం గుంటలోకి దిగేవాళ్లు. టకటకమని మొదటి చప్పుడు లేవగానే పిల్లలు చేతులు దులుపుకుని పలకలు పట్టుకుని బడికి ఉరికేవాళ్లు. చప్పుడు లేచేదాకా ఒక్కడూ గడప దాటేవాడు కాదు.

ఆ వీధికి ఇంకో అలవాటు కూడా ఉండేది. సర్కారు మనిషి వీధి మొదట్లో కనిపిస్తే చాలు, మొదటి ఇంట్లో మగ్గం ఆగేది. తర్వాత రెండో ఇల్లు. మగ్గం ఆడుతోందంటే ఇంట్లో చీర తయారవుతోందన్నమాట, చీర ఉందని తెలిస్తే ఏ దొరసాని కోసమో ఉత్తపుణ్యానికి ఎత్తుకుపోతారని భయం. అలా ఒక్కో ఇల్లూ మూగబోతూ నిశ్శబ్దం వీధిలో నడిచి వచ్చేది. బూట్ల చప్పుడు ఆ వెనకాల. ఆ నిశ్శబ్దం గోడ దాకా వచ్చేసరికే మార్కండేయ పంతులు లేచి, తలకు చుట్టిన రుమాలు సర్దుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉండేవాడు. లోకంలో అందరికీ చప్పుడైతే భయం. ఆయనకు చప్పుడు ఆగితే భయం.

రెండో పెద్ద యుద్ధం మొదలైన మరుసటి ఏడు చలికాలంలో, బడులు తనిఖీ చేసే ముహతమీం సాహెబు పొద్దున్నే వచ్చాడు. మగ్గాలింకా మొదలే కాలేదు. ఆయన్ను చూసి ఆ పూటకు మొదలు కాలేదు కూడా. పిల్లలు రాలేదు. అంతకు ముందు వచ్చినప్పుడు కూడా అంతే. ఖాళీ చాపల వైపు చూసి ఆయన అన్నాడు:

"పిల్లల్లేని బడి ఎందుకు పంతులూ? ఉగాది దాటంగనే తాళం వేయిస్త. చదువుకునేటోళ్లు కోట అవతలి బడికి పోతరు."

కోట అవతలి బడిలో చదువు ఉర్దూలో. అక్కడ గంట కొట్టే వేళకు ఇక్కడి పిల్లల చేతుల్లో ఇంకా కండెలే ఉంటాయి. ఒక్క పిల్లాడూ పోడని వీధికంతా తెలుసు. బడి ఎందుకు ఖాళీగా ఉందో చెప్పాలని మార్కండేయకు గొంతు దాకా వచ్చింది. "జీ సాబ్" అన్న మాట తప్ప ఇంకేమీ బయటికి రాలేదు.

ఈ కబురు వడ్డేపల్లి పంతులు వెంకట్రాములుకు చేరింది. ఆయన మాటకారి, మొండివాడు. ఒక్కొక్కరినీ విడివిడిగా కోసేస్తున్నారు, అందరం ఒక కట్టగా ఉంటే కొడవలి దిగదు అని ఊరూరా తిరిగి పంతుళ్లను కూడగడుతున్నాడు. కానీ నలుగురు ఒకచోట చేరి మాట్లాడాలంటే సర్కారు అనుమతి కావాలి. అడిగితే అనుమతి రాదు, అడిగినవాడి పేరు మాత్రం పోలీసులకు పోతుంది. అందుకని మాఘమాసంలో జమ్ములమ్మ జాతరకు మొక్కు తీర్చుకునే వాళ్లలా వెళ్లి, వంట రాళ్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుందామని అనుకున్నారు.

భార్య శారదమ్మ వెళ్లొద్దంది. బడి పోతే తనకు మగ్గం రాదు, పొలం లేదు, ఏ ముఖంతో వీధిలో నడవాలని ఆయన ఎదురడిగాడు. ఆమె ఆయన నుదుట పసుపు బొట్టు పెట్టి పంపింది.

జాతరలో జనం ఇసక వేస్తే రాలనట్టున్నారు. ఒక వేపచెట్టు కింద అమరచింత నుంచి, తిమ్మాజిపేట నుంచి వచ్చిన పంతుళ్లు కుండ పొయ్యి మీద పెట్టి కూర్చున్నారు. డప్పుల హోరులో తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడారు. వీధివాళ్లను అడగకుండా బడి మూయొద్దు, చెప్పుకునే వీలివ్వకుండా పంతులును తీసేయొద్దు, ముందుగా ఈ రెండూ అడుగుదాం అనుకున్నారు. ఇంకా ఏదో అనబోతుండగా డప్పులు ఉన్నట్టుండి ఆగాయి.

జనం అంచున పోలీసు అమీను, జవానులు, వాళ్ల పక్కన ముహతమీం సాహెబు నడిచి వస్తున్నారు. కూర్చున్న జనం కూర్చున్నట్టే ఉన్నారు. ఎవరి విస్తరి వాళ్లది. మార్కండేయ కాళ్లు మాత్రం ఆయన్ను అడగలేదు. లేచి, రుమాలు సర్దుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన్ను చూసి తిమ్మాజిపేట పంతులు లేచాడు. ఆ వెనకే అమరచింత పంతులు, వెంకట్రాములు తప్ప మిగిలినవాళ్లు. అంత జాతరలో పంతుళ్లు మాత్రమే తరగతి పిల్లల్లా వరుస కట్టి నిలబడ్డారు.

"కూసోవయ్యా మార్కండేయా, నీకు దండం పెడత, కూసో" అని వెంకట్రాములు కింద నుంచి ధోవతి పట్టుకుని గుంజుతూనే ఉన్నాడు.

ముహతమీం సాహెబు ఒక్కొక్క ముఖాన్నీ తీరిగ్గా చూశాడు. చిన్నగా నవ్వాడు. వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చాక రామస్వామి ఊరుకోలేదు. ఆయనకు మొదటి నుంచీ ఈ సంఘాలంటే పడదు.

"జాతరకు పోయి అందరు యాటపోతును కోస్తరు. నువ్వు పంతుళ్లను కోసొచ్చినవ్ గద రా" అన్నాడు.

ఆ తర్వాతి రోజులు ఆయనకు ఎలా గడిచాయో ఆయనకే తెలియాలి. వడ్డేపల్లిలో వెంకట్రాములు ఇల్లు సోదా చేశారని, కాగితం ముక్క కూడా దొరకలేదని కబురొచ్చింది. అతన్ని పట్టుకుపోతారని ఒకరు, పట్టుకుపోయారని ఇంకొకరు. పక్కింట్లో పోగు తెగి మగ్గం ఒక్క క్షణం ఆగినా పాఠం మధ్యలో దిగ్గున లేచేవాడు. ఆయన్ను చూసి పిల్లలూ లేచేవాళ్లు. జైల్లో చలిగా ఉంటుందని శారదమ్మ ఒక గొంగడి ఎండలో వేసి, మడిచి, తలుపు పక్కన పెట్టింది. ఆమె ప్రేమతో పెట్టిన గొంగడే. దాని పక్కనుంచి పోలేక ఆయన దొడ్డిదారినే ఇంట్లోకి వచ్చేవాడు.

ఒక పొద్దున, మగ్గాలు మొదలు కావలసిన వేళకు, మళ్లీ నిశ్శబ్దమే వీధిలో నడిచి వచ్చింది.

ముహతమీం సాహెబు వచ్చి ఆయన కుర్చీలోనే కూర్చున్నాడు. వెంట వచ్చిన జవాను చేతిలో ఇనుప తాళం ఉంది. ఉగాది దాకా కూడా ఆగలేదు. చాపలు ఎప్పటిలా ఖాళీ.

"జాతరకు మిమ్మల్ని ఎవరు జమ చేసిన్రు? పేరు చెప్పు, చాలు. నీ బడి నీకుంటది."

వెంకట్రాములు పేరు నాలుక చివర ఉంది. చెబితే బడి ఉంటుంది, వెంకట్రాములు ఉండడు. ఆయన గోడకు చెయ్యి ఆనించాడు. రోజూ ఈ వేళకు అరచేతి కింద అదిరే గోడ, ఇప్పుడు పీనుగలా చల్లగా ఉంది. అవతల అన్న గుంటలో ఊపిరి బిగబట్టి కూర్చున్నాడని ఆయనకు తెలుసు. వీధంతా అలాగే కూర్చుంది.

"ఎవరు జమ చేసిన్రని ఎందుకు సాబ్" అన్నాడు. గొంతు తనది కాదన్నట్టుగా పెద్దగా వచ్చింది. "ఎందుకు జమైనమో అడుగుండ్రి."

సాహెబు కనుబొమలు పైకి లేచాయి. ఇక ఆగితే మళ్లీ మాట రాదని మార్కండేయకు తెలుసు.

"మీరొస్తే మగ్గాలు ఆగుతయి సాబ్. మగ్గం ఆగితే పిల్లలు రారు, మా బడికి గంట గదే. మీరు ఎన్నడొచ్చినా బడి ఖాళీగ కానొచ్చేది గందుకే. ఈ వీధిల పిల్లలు లేక గాదు. భయానికి."

ఇదంతా బహానా, ఉత్త సాకు అని సాహెబు నవ్వాడు. తలుపు వేయమని జవానుకు చేత్తో సైగ చేశాడు. జవాను ఒక రెక్క మూశాడు.

అప్పుడు గోడ అదిరింది.

టక్. ఒకసారి ఆగింది, ధైర్యం చాలనట్టు. మళ్లీ టక్, టక్, టక్. రామస్వామి మగ్గం ఆడుతోంది. సర్కారు మనిషి వీధిలో ఉండగా మగ్గం ఆడటం అంతకు మునుపు ఎవరూ వినలేదు. ఆపించమని జవానును పంపితే, అన్న గుంటలోంచి తల కూడా ఎత్తకుండా, మగ్గం చప్పుడులో ఏమీ వినిపించడం లేదని చెప్పి పంపాడట. జవాను తిరిగొచ్చేలోపు ఎదురింటి మగ్గం లేచింది. దాని వెనక పక్కది. కాసేపటికి ఎవరి మగ్గం ఏదో చెప్పలేనట్టు వీధంతా హోరెత్తింది.

చప్పుడు విన్న పిల్లలు ఊరుకుంటారా. జుట్టులో నూలు పీచుతో, చంకలో పలకలతో, మూసిన రెక్క పక్కనుంచి సందు చేసుకుని లోపలికి దూరారు. కుర్చీలో సాహెబును చూసి బిక్కచచ్చిపోయారు. కానీ మగ్గం పిలిచింది, చాప అక్కడే ఉంది. కూర్చున్నారు. చాపలు నిండాయి, నేల నిండింది, గడప కూడా నిండింది. తాళం పట్టుకున్న జవానుకు గొళ్లెం దాకా పోయే దారి లేకపోయింది.

సాహెబు ఆ పిల్లలను తల తలకూ లెక్కపెట్టాడు. పిల్లల్లేని బడి అని మూయడానికి ఇక వీల్లేదు. లేచి, పిల్లల మధ్య అడుగు చూసుకుని వేస్తూ బయటికి నడిచాడు. తాళం వెంటే పోయింది.

గోడ అవతల మగ్గం ఆగింది. మార్కండేయ ఒళ్లు మళ్లీ జలదరించింది.

"తమ్మీ" అని రామస్వామి గొంతు. "పోయిండా?"

"పోయిండన్నా."

"మరి కూసున్నవా?"

ఆయన తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

"లేదన్నా. వంగుతలేవు."

బడి ఉగాది దాటింది. తర్వాత ఎన్నో ఉగాదులు దాటింది. వెంకట్రాములు పేరు ఎవరి నోటా రాలేదు, సంఘం నిలిచింది. మార్కండేయ పంతులును మాత్రం నెల తిరక్కుండానే అమరచింతకు మార్చారు. శారదమ్మ గొంగడి జైలుకు పోకుండా అమరచింత బండెక్కింది.

అక్కడా నేతవాళ్ల వీధే. పలక పట్టుకోకముందే ఆయన ఇల్లిల్లూ తిరిగి ఒకే మాట అడిగాడు. ఎవరు వచ్చినా మగ్గం ఆపొద్దని. పిరికివాడు అడిగాడు కాబట్టి, భయపడొద్దని చెప్పలేదు. భయపడండి కానీ ఆపకండి అన్నాడు.

వానాకాలం మొదట్లో అదే ముహతమీం సాహెబు అమరచింతకు తనిఖీకి వచ్చాడు. వీధిలో ఒక్క మగ్గమూ ఆగలేదు. పిల్లలు గుణింతం వల్లిస్తున్నారు. మార్కండేయ పంతులు నల్లబల్ల వైపు తిరిగి రాస్తున్నాడు. చెవిలో చప్పుడు నిండుగా ఉంది కాబట్టి వెనక్కి చూడలేదు. రాయడం అయ్యాక చేతి సుద్ద దులుపుకుని తిరిగితే గుమ్మంలో మనిషి. పంతులు అలవాటు కొద్దీ రుమాలు సర్దుకున్నాడు, చేతులు కట్టుకున్నాడు.

కానీ ఈసారి ముందుగా నిలబడింది సాహెబే; గుమ్మంలో ఎంతసేపటి నుంచి నిలబడి ఉన్నాడో ఎవరూ చూడలేదు.