మాటు వేసిన పాలడబ్బా

మలయాలో తెల్లదొరలు కమ్యూనిస్టుల మీద ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో సుంగై సిపుట్‌లో పాలడబ్బా అమ్మితే, షాపతను దానికి చిల్లు పొడిచి మరీ చేతికివ్వాలి. అది చట్టం. చిల్లు పడిన డబ్బా నిలవ ఉండదు, నిలవ ఉండనిది అడవిలో దాక్కున్నవాళ్ళకు పనికిరాదు. ఆలోచన బాగానే ఉంది. కాకపోతే అదే అడవిలో, కొండ నెత్తిన, సర్కారు జీతగాళ్ళం కూడా ఉన్నామని చట్టం రాసినవాళ్ళకు తట్టలేదు.

నేను ఆ కొండ మీది వైర్‌లెస్ స్టేషన్లో టెక్నీషియన్ని. కింద గస్తీ తిరిగే దళాల మాటల్ని అందుకుని పట్నానికి చేరవేయడం స్టేషన్ పని, యంత్రాలు మూగబోకుండా చూడడం నా పని. ఒక రేకుల పాక, ఒక ఇనప స్తంభం, ముళ్ళకంచె, ఏడాది పొడుగునా పొగమంచు. నాకు వచ్చిన పెళ్ళి సంబంధం ఫొటోకు బూజు పట్టి, పిల్ల ముఖం నేను చూసేలోపే చెరిగిపోయింది.

నాతో ఉండేది ఒక్కడే, మా సీనియర్ ఆపరేటర్. కౌలాలంపూర్ మనిషి. తండ్రి తెలుగు, తల్లి తమిళం, తిట్లు రెండింటిలోనూ ధారాళం. మాది షాపు అని తెలిసిన రోజు నుంచి నన్ను పేరుతో పిలవడం మానేశాడు. ‘కడైక్కార తంబి’ అనేవాడు, అంటే షాపోళ్ళ తమ్ముడు.

కూలీలు మోసుకొచ్చిన పాలు పైకి చేరేసరికి పులిసిపోయి, చీమలతో నల్లబడేవి. నల్లచాయ్ తాగి తాగి ఇద్దరికీ నాలుకలు చేదెక్కాయి. అప్పుడు నా షాపు బుర్ర పనిచేసింది. సరుకులకు దిగిన రోజున సాల్డరింగ్ సామాను సంచీలో వేసుకుని నాన్న షాపుకు వెళ్ళాను. ఆయన చట్టం ప్రకారం డబ్బాకు చిల్లు పొడిచి ఇచ్చాడు. నేను వెనక వంటింట్లో బొగ్గుల కుంపటి మీద ఇనుము కాల్చి, ఆ చిల్లుకే మాటు వేశాను.

నాన్న గుమ్మంలో నిలబడి చూశాడు. “నేను బొక్క ఎట్టాల, నువ్వు మూసేయాల. ఇదేటి యాపారం రా?”

“సట్టం బొక్క ఎట్టమన్నాది గానీ, మూయొద్దని ఎక్కడన్నాది నాన్నా?”

ఆయన మళ్ళీ గల్లా దగ్గరికి వెళ్ళిపోయాడు. ఒప్పుకున్నాడనుకున్నాను.

కొండ మీద తీపి చాయ్‌కు నేనొక్కణ్ణే షాపు. ఊరికే పోస్తానా? బ్యాటరీలకు యాసిడ్ పట్టడం ఇద్దరం వంతులవారీగా చేయాల్సిన పని. చొక్కాలు జల్లెడలయ్యేవి, వేళ్ళ తోలు ఊడేది. చాయ్‌కి బదులు నా వంతు కూడా సీనియర్ మీద వేశాను. అతను బొబ్బలెక్కిన చేత్తో గ్లాసు పట్టుకుని తాగుతుంటే, పాలు ఇంకాస్త కావాలా అని అడిగేవాణ్ణి.

మెర్దెకా దగ్గర పడింది. స్వాతంత్ర్యం వచ్చే రోజున ఇద్దరిలో ఒకరికే సెలవు, కౌలాలంపూర్ వెళ్ళడానికి పాస్. చీటీ వేస్తే నాకు వచ్చింది. సీనియర్ ఇల్లు అక్కడే, భార్యాపిల్లలు అక్కడే. పిల్లల్ని భుజాన ఎక్కించుకుని, జెండా ఎగరేసే స్టేడియంలో నిలబడాలని అతని కోరిక. పాస్ అడిగాడు. నేను ధర చెప్పాను: యాసిడ్ పని ఏడాది పొడుగునా అతనిదే. ఒప్పుకున్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటే ఏ షాపువాడైనా ధర తక్కువ చెప్పాననే అనుకుంటాడు. జనరేటర్ తుడవడం కలిపాను. దానికీ తలూపాడు. ఇకమీదట నన్ను సార్ అనాలన్నాను.

అతను గ్లాసు కింద పెట్టాడు. “ఆలోచిస్తాను లా,” అన్నాడు కౌలాలంపూర్ యాసలో.

బేరం పండుతోందనుకుని సంబరపడ్డాను. పాస్ జేబులో పెట్టుకునే సరుకులకు దిగాను.

షాపులో నాన్న పీట మీద ఇన్‌స్పెక్టర్ కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నేను మాటు వేసిన డబ్బా. సీనియర్ దాన్ని కూలీల చేత పోలీసులకు పంపి, ఏ షాపుదో కూడా చెప్పించాడట. ఈ ఊళ్ళో మూసిన డబ్బా కావలసింది అడవిలోవాళ్ళకే కదా అన్నాడు ఇన్‌స్పెక్టర్. లైసెన్సే కాదు, తలుచుకుంటే మనిషినే ఇండియా ఓడ ఎక్కించగలనన్నాడు. నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డబ్బాలు కొండ మీదకేనని నేను ప్రమాణం చేశాను. సరే, మెర్దెకా వస్తోంది కాబట్టి దయ చూపిస్తానన్నాడు. అలమారలో ఉన్న పాలడబ్బాలన్నిటికీ తన ముందే చిల్లులు పొడిస్తే లైసెన్సు ఉంటుంది.

నేను అక్కడ నోరు మూసుకోవలసింది. సగం పొడుస్తామన్నాను. ఇన్‌స్పెక్టర్ సార్డీన్ డబ్బాలు కలిపాడు. చేపల డబ్బాకు నేనెప్పుడూ మాటు వేయలేదని వాదించాను. నెయ్యి డబ్బాలు కలిపాడు.

“నోరుముయ్ రా,” అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా. “నువ్వు బేరమాడిన కొద్దీ షాపు అరిగిపోతన్నాది.”

మేకు తీసుకుని తనే మొదలుపెట్టాడు. తర్వాత మేకు నా చేతికిచ్చాడు. పాలు ఒక అర నుంచి కింది అరకు కారాయి. వీధిలో జెండాలు కడుతున్నవాళ్ళు పని ఆపి ఎదురు అరుగు మీద చేరారు. సాయంత్రానికి ధర దిగక తప్పదని అందరికీ తెలుసు, అందుకని ఎవరూ రోడ్డు దాటలేదు. నేనూ ఆ వీధిలో పుట్టినవాణ్ణే. వాళ్ళలో నేనుంటే ముందు వరసలో కూర్చునేవాణ్ణి. పొద్దువాలాక మొదట వచ్చింది నాన్నకు చెల్లెలి వరస ఆవిడ, బకెట్టుతో.

“రేపటికి కంపు కొట్టేస్తాయి గదా అన్నా. ఊరికే ఇచ్చీ.”

ఇచ్చేశాడు. లైసెన్సు మిగిలింది, అలమార ఖాళీ. నాన్న మేకు తుడిచి మళ్ళీ చూరులో గుచ్చాడు. “కొండ మీదకెల్లిపో. ఇక్కడుంటే మళ్ళీ ఏదో బేరమాడతావు.” కౌలాలంపూర్ బస్సు ఎక్కడానికి నాకూ మొహం లేదు.

పైకి చేరేసరికి సీనియర్ పెట్టె సర్దుకుని, తల దువ్వుకుని ఉన్నాడు.

“వచ్చినావా తంబి. పాస్ ఇయ్యి.”

అలవాటు ఎక్కడికి పోతుంది. ఏమిస్తావని అడిగాను.

“మీ నాన్న షాపు ఇంకా ఉన్నాది గదా?” అన్నాడు నింపాదిగా. “అదే ఇచ్చినాను.”

పాస్ ఇచ్చాను. వంగి బూట్లకు లేసులు కట్టుకుని, ఈలవేసుకుంటూ దిగిపోయాడు.

మెర్దెకా పొద్దున నేను యాసిడ్ పడుతున్నాను. చెవులకు హెడ్‌ఫోన్లు, పక్కన నల్లచాయ్. స్టేడియంలో మెర్దెకా, మెర్దెకా అని జనం అరుస్తున్నారు. ఆ గొంతుల్లో అతనిదీ, అతని పిల్లలవీ ఉండి ఉంటాయి. హోరు పెరిగి మీటర్ ముల్లు చివరికంటా వెళ్ళి కొట్టుకోసాగింది. యంత్రం పాడవుతుందని శబ్దం తగ్గించాను.