పున్నారావు ఆరు ఆంపియర్లు

గురజాల రోడ్డు మీద కార్ల ఛార్జర్ పెట్టిన పున్నారావుకు ఒకటే జబ్బు. బండి వచ్చి ఆగితే చాలు, కరెంటు తగ్గిస్తాడు. పెట్టె ముప్పై రెండు ఆంపియర్లది. ఆ ముప్పై రెండును కళ్ళారా చూసిన డ్రైవరు పల్నాడులో లేడు. అడిగితే ఓసారి ఎండగా ఉందంటాడు, ఇంకోసారి మబ్బుగా ఉందంటాడు. ఏదీ లేకపోతే మంగళవారం అంటాడు. డ్రైవర్లంతా కలిసి ఆయనకు 'కరెంటు పిసినారి' అని పేరు పెట్టారు.

ఆ మధ్యాహ్నం రవిచంద్ర టాక్సీ ఆపేసరికి బ్యాటరీ అడుగంటింది. సాయంత్రం దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీర్లను నరసరావుపేటలో రైలెక్కించాలి. పోయినవారమే ఆలస్యం చేసి తిట్లు తిన్నాడు. ఈసారీ రైలు తప్పితే ఆ గిరాకీ పోయినట్టే.

"బాబాయ్, ఇయ్యాలన్నా నిండుగా వదులు!"

"వదలటానికి ఇదేమన్నా గేదెనా? ఈ పెట్టె దేన్నీ నెట్టదురా. కేబుల్లో ఓ సన్న తీగ ఉంది. 'ఇంతవరకు లాక్కోవచ్చు' అని దాన్లో బండికి కబురు చెప్పిద్ది. బండి మర్యాదగా అంతే లాక్కుంటది."

మాట నిజమే. ఆ తీగలో సంకేతం సెకనుకు వెయ్యిసార్లు కొట్టుకుంటుంది. ప్రతిసారీ ఎంతసేపు వెలిగి ఉందో చూసి, తన వంతెంతో బండి తెలుసుకుంటుంది.

"ఆ చెప్పే కబురేదో పెద్దది చెప్పమను!"

"నిదానంగా లాగనీరా" అంటూ పున్నారావు నాబ్‌ను పదహారుకు తిప్పాడు. పక్క షెడ్డులోని కారం మిల్లు వైపు తొంగి చూసి పదికి దించాడు. మళ్ళీ చూసి ఆరుకు దించాడు.

"ఆరా! ఆరుకి నా ఫోను కూడా ఎక్కదు బాబాయ్!"

"అంతకంటే తక్కువ చెప్పటం ఈ పెట్టెకి రాదురా. వచ్చుంటే చెప్పించేవాణ్ణి."

రవిచంద్రకు ఒళ్ళు మండింది. "అసలు ఆ మిల్లుకేసి ఏంది అన్నిసార్లు చూస్తన్నావు?"

పున్నారావు గొంతు తగ్గించాడు. "మనం ఈ పెట్టె పెట్టిన వారమే ధనలక్ష్మి ఆ మిల్లు పెట్టుకుంది. ఆమెదీ మనదీ ఒకటే లైను. బండి పెట్టినప్పుడల్లా ఆ పిల్ల మోటారు తిరగట్లా. కరెంటు చాలట్లేదు పాపం. ఆమెకు చెప్పమాక, మొహమాటపడిద్ది."

రవిచంద్ర విసురుగా మిల్లులోకి పోయాడు. ధనలక్ష్మి మిరపకాయల బస్తా మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది.

"ఏమక్కా, మోటారు ఎయ్యవా?"

"నీ బండి ఎళ్ళనీ తమ్ముడూ. రెండూ కలిసి లాగితే లైను తట్టుకోలేదు. బాబాయి బేరం చెడగొట్టటం ఎందుకు? ఆయనకి మాత్రం చెప్పమాక."

రవిచంద్ర నోరు తెరిచాడు. ఆమె మోటారు తిరగట్లేదని ఈయన తగ్గిస్తున్నాడు. ఈయన తగ్గించేకొద్దీ బండి కదలట్లేదు. బండి కదలట్లేదని ఆమె మోటారు వెయ్యట్లేదు. ఇద్దరి మర్యాద మధ్య నలిగిపోతున్నది తన బ్యాటరీ!

మిల్లుకీ ఛార్జరుకీ మధ్య గోడ దగ్గర నిలబడి గొంతెత్తాడు. "ఇద్దరూ చెప్పమాక అన్నారు కాబట్టి ఇద్దరికీ కలిపి ఒకేసారి చెప్తన్నా, ఇనండి!"

అంతా విన్నాడు పున్నారావు. ఒక్క ఉదుటున నాబ్‌ను ముప్పై రెండుకు తిప్పాడు.

"తొరగా లాక్కోమనరా నీ బండిని! ఆ పిల్ల పని చేసుకోవద్దా?"

గంటన్నరలో సరిపడా ఎక్కింది. ఇక రైలు అందుతుందని రవిచంద్ర ఊపిరి పీల్చుకున్నాడు. బండి గేటు దాటేలోపే మిల్లు మోగింది. అద్దంలో చూస్తే పున్నారావు తుమ్ముల మీద తుమ్ములు తుమ్ముతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"బాబాయ్, ఘాటుగా ఉందా? ఆపనా?" గోడ అవతల నుంచి ధనలక్ష్మి కేకేసింది.

"ఆపావంటే ఊరుకోను!" అని మళ్ళీ తుమ్మాడు పున్నారావు. "నిండుగా లాగనీ!"