అవతలి లోయ గంట

మా బోర్తొలో బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు, కుళ్ళు. డబ్బున్నవాణ్ణి చూసి కాదు, అందగాణ్ణి చూసి కాదు. కొండకి అవతలి లోయలో సాన్ రోకో చర్చి ఉంది చూశారూ, దాన్ని చూసి. దానికి ఏది ఉంటే అది మా సాంత లుచీయా చర్చికి ఓ జానెడు ఎక్కువే ఉండాలి. లేకపోతే ఆయనకి ముద్ద దిగదు.

ఈ జబ్బు ఓడలో అంటుకుందని మా ఎర్మెలిందా పిన్ని చెబుతుంది. ఇటలీలో తినడానికి లేక రెండు లోయలవాళ్ళమూ ఒకే ఓడెక్కి బ్రెజిల్ వచ్చాం. ఆ ఓడలో అవతలి లోయ పెద్ద ఫియొరవాంతెకి కిటికీ పక్కన చోటు దొరికింది, బాబాయికి పొగగొట్టం పక్కన. తర్వాత అడవి కొట్టుకుని, ద్రాక్ష తోటలు వేసుకుని, ఆయన అవతల, ఈయన ఇవతల స్థిరపడ్డారు. బాబాయి మాత్రం ఆ కిటికీ సంగతి మర్చిపోలేదు.

మేం చెక్కలతో చిన్న చర్చి కట్టుకున్నామా, మర్నాడే బాబాయి కొండెక్కి అటు తొంగిచూసి వచ్చాడు.

"వాళ్ళ కప్పు మనదానికంటే ఎత్తు. పీకండ్రా!"

"ఇంకా మేకులు కూడా చల్లారలేదు కదయ్యా!" అంది పిన్ని.

"చల్లారితే పీకడం కష్టం."

పీకించాడు. జానెడు లేపి మళ్ళీ వేయించాడు. అక్కడితో ఊరుకున్నాడా? అవతలి పండగకి పిలిస్తే వెళ్ళి, అందరూ మోకాళ్ళ మీద కళ్ళు మూసుకుంటే తను దూలాలు చూస్తూ కూచున్నాడు. తిరిగొచ్చాక మూతి ముడుచుకుని గోడకేసి తిరిగి పడుకున్నాడు.

"ఏమైంది?"

"వాళ్ళ సాన్ రోకో విగ్రహం పక్కన కుక్క బొమ్మ ఉందే. నోట్లో రొట్టెముక్కతో సహా. మనకేముంది?"

వారం తిరక్కుండా దేవదారు చెక్కతో ఓ పిల్లిని చెక్కి సాంత లుచీయా కాళ్ళ దగ్గర పెట్టాడు. గుర్రమ్మీద ఎప్పుడో ఓసారి వచ్చే ఫాదరుగారు దాన్ని చూసి బిత్తరపోయారు.

"లుచీయమ్మకి పిల్లి ఎక్కడిది బోర్తొలో?"

"రోకోగారికి కుక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కణ్ణుంచే, ఫాదరుగారూ."

అవతల ఎవరో ముసలావిడ పోతే పలకరించడానికి వెళ్ళి, అక్కడా కుళ్ళుకుని వచ్చాడు. "ఎంత బాగా ఏడ్చారే! గుండె పగిలిపోయింది. మనవైపు ఒక్కరికైనా అలా ఏడవడం వచ్చా?"

"నువ్వు పోయి చూడు, నేను ఏడ్చి చూపిస్తా," అంది పిన్ని.

ఇవన్నీ నవ్వుకోడానికి బాగానే ఉన్నాయి కానీ, గంట దగ్గర మాత్రం మేమంతా బాబాయితో సమానంగా కుళ్ళుకున్నాం. వడగళ్ళ మబ్బు వస్తే చర్చి గంట కొట్టి తరమడం మా పాత ఊళ్ళ ఆచారం. గంట మోగితే మబ్బు అక్కడ నిలవదు, పక్క లోయకి పోతుంది. అవతలివాళ్ళకి గంట ముందొచ్చింది. ద్రాక్ష పూతకొచ్చిన ప్రతిసారీ వాళ్ళు కొట్టేవారు, మా తోటలు చితికేవి. బాబాయి ఇంటింటికీ తిరిగి రాగి బిందెలూ గిన్నెలూ లాక్కొచ్చి పట్నంలో గంట పోయించాడు. వాళ్ళదానికంటే పెద్దదే, అడగక్కర్లేదు. అప్పట్నుంచి రెండు గంటలూ ఒకేసారి మోగితే మబ్బు ఎటు పోవాలో తెలీక అడవి మీద కురిసేది.

ఇలా ఉండగా ఓ ఏడు అవతలి గంట బీటలిచ్చింది. ఆ కబురు వినగానే బాబాయి కోడిని కోయించాడు. "ఇప్పుడు కుళ్ళుకోమను!" అంటూ రెండు కాళ్ళూ తనే తిన్నాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే, పూత నిండుగా ఉన్న వేళ, మధ్యాహ్నం పూట ఆకుపచ్చగా మబ్బు కమ్మింది. ఊరంతా గంట కిందికి పరిగెత్తుకొచ్చాం. ఏడాది తిండి ఆ పూత మీదే ఉంది. బాబాయి తాడు పట్టుకున్నాడు.

అవతల్నుంచి చప్పుడు వినిపించింది. ఫియొరవాంతె పగిలిన గంటనే కొడుతున్నాడు. డబ్... డబ్... చిల్లు డబ్బా మీద కర్రతో కొట్టినట్టు. కొడుతూనే ఉన్నాడు.

బాబాయి విన్నాడు. తాడు వదిలేశాడు.

"కొట్టవయ్యా!" అని అరిచింది పిన్ని.

"కొట్టను."

"మతి పోయిందా? తోట పోతుంది!"

"కొడితే మొత్తం వాళ్ళ మీదే పడుతుంది. అప్పుడేమవుతుంది? లోకమంతా అయ్యో పాపం అంటుంది. బిషప్పుగారు జాలిపడి వాళ్ళకి కొత్త గంట పంపుతారు, మనదానికంటే పెద్దది! అది నేను కళ్ళారా చూడాలా?"

నలుగురు మగాళ్ళు తాడు లాక్కోబోయారు. బాబాయి దాన్ని నడుముకి చుట్టుకుని కింద కూచున్నాడు. వడగళ్ళు పడ్డాయి. అటు సగం, ఇటు సగం. మా పంట సగం పోయింది, వాళ్ళకి సగం మిగిలింది. ఆ సాయంత్రం బాబాయిని తిట్టనివాడు లేడు. పిన్ని అయితే ఆయన కంచం బోర్లించి పెట్టింది.

మర్నాడు పొద్దున చూద్దుము కదా, బాబాయి గంట దింపి ఎడ్లబండి మీద పెట్టి కొండెక్కిస్తున్నాడు. మేం కర్రలు పట్టుకుని వెంటపడ్డాం.

"మన గంటని ఎక్కడికి?"

"రెండు లోయల మధ్య, కొండ నెత్తిన కడతా. పొద్దున లేస్తే వాళ్ళకి మన గంటే కనపడాలి. చూసి చూసి కుళ్ళి చావాలి."

"మధ్యలో మోగితే వాళ్ళ తోటలకీ కాపలా అవుతుంది కదయ్యా?" అన్నాడు మా నాన్న.

"అయితే అవనీ. వాళ్ళ మొహాలు నల్లబడితే చాలు నాకు."

కర్రలు తెచ్చినవాళ్ళం ఆ కర్రలతోనే బండిని వెనకనుంచి నెట్టాం. పైన, కబురు ఎలా అందిందో గానీ, ఫియొరవాంతె అప్పటికే దూలం మోసుకొచ్చి నిలబడి ఉన్నాడు. ఇద్దరూ కలిసి దూలం నిలబెట్టారు, గంట కట్టారు, కొట్టి చూశారు. రెండు లోయల్లోనూ కుక్కలు మొరిగాయి. అప్పుడు ఇద్దరూ రాయి మీద కూలబడ్డారు. బాబాయి సంచిలోంచి సలామీ, అదే ఎండబెట్టిన మాంసపు కడ్డీ, తీసి కత్తితో రెండు ముక్కలు చేశాడు.

"చూశావటే," అన్నాడు వెనకే కొండెక్కి వచ్చిన పిన్నితో గొణుగుతూ, "వాడిది ఎంత పెద్దముక్కో!"

నిజమే, పెద్దదే. కోసింది తనే, దాన్ని వాడి చేతిలో పెట్టిందీ తనే.