గొర్ల కొట్టానికి సీలింగు

జమ్మలమడుగులో ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఆర్కిటెక్టు రెండు సందర్భాల్లో గుర్తుకొస్తుంది. ప్లాను మీద సంతకం కావలసినప్పుడు ఒకటి, పక్కింటి ఎలివేషను చూసి కడుపు మండినప్పుడు రెండోది. ఈ రెండు పవిత్ర కార్యాలకే షారోన్ తన చదువంతా ధారపోసింది. ఆమె ముత్తాత మిషన్ దొరల దగ్గర బైబిలు చదవడం నేర్చాడు. తాత బళ్ళో పాఠాలు చెప్పాడు. నాయన ఎబినేజర్ డ్రాయింగు మాస్టరుగా పిల్లలచేత కుండలూ అరటిపళ్ళూ గీయించి రిటైరయ్యాడు. ఆమె మాత్రం సింహం తలల పిట్టగోడలూ, ఏ తలుపూ తెరుచుకోని బాల్కనీలూ, మోయడానికి ఏమీ లేని స్తంభాలూ గీసింది. గాలి గురించీ నీడ గురించీ చదివింది ఎవరూ అడగలేదు గనుక ఎవరికీ చెప్పలేదు.

నలభై దాటాక అడిగే మనిషి ఒకడు దొరికాడు. పేరు రాఘవేంద్ర. పులివెందులలో చీనీ తోటలకు డ్రిప్పు పైపులమ్మే అంగడి అతనిది. తల్లి సంజీవమ్మ కొండాపురం దగ్గర పునరావాస కాలనీలో ఉంటుంది. పాత ఊరు రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. ఊరిని వదిలింది గానీ ఆమె గొర్రెలను వదల్లేదు. పోయిన ఎండాకాలం కాలనీ గదిలో వడదెబ్బ తగిలి పడిపోయింది. ఇంకొకసారి పడితే లేవడం కష్టమని డాక్టరు చెప్పాడు.

"కరెంటు లేకున్నా సల్లగుండే ఇల్లు గావాల మేడం. ఆ కాలనీలో కరెంటు సుట్టం మాదిరి వస్తాది, పోతాది. మాయమ్మను ఇంకో ఎండాకాలం దాటించల్ల" అన్నాడు రాఘవేంద్ర.

ఆ మాటకు షారోన్‌కు ఏడుపొచ్చినంత పనైంది. పడమటి గోడ మందంగా లేపింది. సున్నం పూయించింది. నాపరాళ్ళు పరిపించింది. తూర్పు గోడకు నేలవారగా గాలిరంధ్రాలు వదిలింది. హాలు నడినెత్తిన గవాచి పెట్టింది. నీళ్ళలో మునిగిపోయిన మిద్దె ఇళ్ళన్నిటికీ కప్పులో ఉన్న బొక్కే అది, వాన పడకుండా పైన చిన్న గొడుగుతో. కింద చల్లగాలి లోపలికొస్తుంది, వేడి పైనుంచి వెళ్ళిపోతుంది. మిగిలిన రాయితో, అదే కొలతకు కొంచెం తగ్గించి, గవాచితో సహా, పెరట్లో గొర్ల కొట్టం కూడా కట్టించింది.

సంజీవమ్మ గవాచి కింద నిలబడి తల పైకెత్తింది. "మాయింట్లో గూడా సరిగ్గా ఈడనే ఉండె పాపా" అంది. షారోన్ తన జీవితానికి అర్థం దొరికిందనుకుని జమ్మలమడుగు బస్సెక్కింది.

ఇక్కడొక ఆనవాయితీ గురించి చెప్పుకోవాలి. గోడల పూత ముగియగానే రాఘవేంద్ర ఇంటివాళ్ళు కట్టినవాళ్ళకు బట్టలు పెట్టి సాగనంపుతారు. బట్టలు పుచ్చుకున్న మనిషి మళ్ళీ గృహప్రవేశం నాడే గడప తొక్కాలి. ముందే వస్తే, ఇంకేదో ఆశించి వచ్చారని అర్థం. షారోన్ చీర పుచ్చుకుంది, మర్యాదగా ఇంట్లో కూర్చుంది. ఆమె వెళ్ళిన దారినే ఇంటీరియర్ డిజైనరు వచ్చాడు. ఒకరు పోయాకే ఒకరు రావాలి. ఇద్దరూ ఒకే ఇంటికి పనిచేసినా ఒకరి మొహం ఒకరు చూడకపోవడమే ఆ ఇంటి శాస్త్రం.

అతని పేరు జీషాన్, ఊరు ప్రొద్దుటూరు. బంగారు అంగళ్ళకు అద్దాలూ దీపాలూ అమర్చి పేరు తెచ్చుకున్నవాడు. దుర్మార్గుడేమీ కాదు. కరెంటు వృథా కాకూడదనీ, భూగోళం వేడెక్కకూడదనీ అతనికీ మనస్ఫూర్తిగా ఉంది. ఏసీ గది నుంచి చల్లదనం కారిపోవడం అతని దృష్టిలో మహాపాతకం. ఇంట్లో అడుగుపెట్టగానే అన్ని బొక్కలు చూసి హడలిపోయాడు. రాఘవేంద్ర ముచ్చటపడి తెచ్చిన ఏసీని హాల్లో బిగించి, గోడ కింది రంధ్రాలన్నిటినీ చెక్కతో మూసి పైన వాల్‌పేపరు అంటించాడు. గవాచి కింద ఫాల్స్ సీలింగు కొట్టి, దాని మీద పురివిప్పిన నెమలిని చెక్కించి, ఈకకొక దీపం పెట్టాడు. ఒకరు గాలిని రానిచ్చి భూమిని కాపాడారు, ఇంకొకరు గాలిని ఆపి కాపాడారు. ఇద్దరి మధ్యా ఇల్లు పొయ్యి అయింది.

గృహప్రవేశం రోహిణి కార్తెలో వచ్చింది. షారోన్ లోపలికొచ్చి తలెత్తి చూసింది. నెమలి ఆమెను చూసింది.

"గవాచి యాడ?"

"ఆ బొక్కనా? మూసేసినా అక్కా" అన్నాడు జీషాన్ సంతోషంగా. "కట్టినోళ్ళు మరిచిపోయినారేమో అనుకుంటి."

"కట్టింది నేనే."

జీషాన్ తలెత్తి నెమలి వైపు చూశాడు. అంతలో కరెంటు పోయింది. నెమలి ఆరిపోయింది, ఏసీ ఒక మూలుగు మూలిగి ఆగింది. పీటల మీద కూర్చున్న సంజీవమ్మ చీర కొంగుతో విసురుకుంటూ విసురుకుంటూ పక్కకు ఒరిగిపోయింది.

అందరూ కేకలు. షారోన్, జీషాన్ చెరోపక్కన పట్టుకుని పెరట్లోకి మోసుకుపోయారు. నీడ కోసం వెతికితే గొర్ల కొట్టం కనిపించింది. తడిగుడ్డ చుట్టి అక్కడ పడుకోబెట్టారు. గొర్రెలు మర్యాదగా జరిగి చోటిచ్చాయి. కొంతసేపటికి ముసలామె కళ్ళు తెరిచి కప్పులోని చిన్న గవాచి వైపు చూసింది.

"ఇంటికొస్తినా?" అంది.

గొర్రెలకు ఇంటీరియర్ డిజైనరును పిలవాలని ఎవరికీ తోచలేదు గనుక, షారోన్ గీసింది గీసినట్టు నిలబడిన కట్టడం లోకంలో అదొక్కటే.

ఆ రోజు నుంచి సంజీవమ్మ కొట్టం వదల్లేదు. షారోన్ రోజూ బస్సెక్కి వచ్చి రాఘవేంద్రను బతిమాలింది. "ఆ నెమలిని పగలగొట్టనీయప్పా. ఒక్క పూట పని. మీయమ్మ లోపలికొస్తాది."

"ఊరంతా దాని కింద సెల్ఫీలు దిగుతాండారు మేడం. ఇప్పుడు పగలగొడితే నేను బుద్ధిలేనోడినని ఒప్పుకున్నట్ల గాదా?"

"నీకు బుద్ధుండాదని చూపించేదానికి మీయమ్మ ఉండల్లగదా, నాయనా."

అతను మొహం తిప్పుకున్నాడు. తల్లి మీద ప్రేమ లేక కాదు. చుట్టాలొచ్చి "యాడ మీయమ్మ?" అంటే గొర్ల కొట్టం వైపు చెయ్యి చూపించాల్సి వస్తోంది. ఆ సిగ్గు అతన్ని తినేస్తోంది. చివరికి దానికొక పరిష్కారం కనిపెట్టాడు.

మరుసటి రోజు షారోన్‌కు ప్రొద్దుటూరు నుంచి ఫోను వచ్చింది.

"అక్కా, రాఘవన్న గొర్ల కొట్టానికి సీలింగు కొట్టమంటాండాడు. చుట్టాలొస్తే బాగుండల్లంట. గోడలకు టైల్సంట. గొర్లను వేరే తావుకు తోలేస్తాడంట" అన్నాడు జీషాన్. "ముసలామెను సంపినోడినైతా. ఈసారి పనిలో చెయ్యి పెట్టకముందే నీకు చెప్తాండా. ఇద్దరం కలిసి వద్దని చెప్దాం, రా అక్కా."

ఆ విధంగా ఆర్కిటెక్టూ ఇంటీరియర్ డిజైనరూ ఒక కట్టడం గురించి ముందుగా కూడబలుక్కోవడం ఆ తాలూకాలో మొదలైంది. కట్టడం గొర్ల కొట్టం కావడం చరిత్ర చేసిన చమత్కారం.

ఇద్దరూ కలిసే చెప్పారు. గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో షారోన్ కాగితం మీద గీసింది. తన నెమలిని తానే ఉచితంగా పీకేసి, కొట్టానికి తడికెలు కట్టి అందంగా చేస్తానన్నాడు జీషాన్. రాఘవేంద్ర అంతా విన్నాడు.

"మీరు జేయకుంటే ఏం, పులివెందుల నుంచి ఇంకొకరు పొద్దన్నే బయల్దేరినారు" అన్నాడు. "ఒకరేమో బొక్క బెట్టమంటారు, ఒకరేమో మూయమంటారు. ఇప్పుడు ఇద్దరూ వద్దంటారు. నాకు అర్థమైందిలే, మీరిద్దరూ కుమ్మక్కైనారు."

పొద్దు నడినెత్తికొచ్చింది. షారోన్, జీషాన్ కొట్టం గడప మీద పక్కపక్కన కూర్చున్నారు. పోవడానికి ఇద్దరికీ కాళ్ళు రాలేదు. లోపల మంచం మీద సంజీవమ్మ ఒక గొర్రెపిల్ల తల నిమురుతోంది.

"ఎవురు పాపా ఆ పిలగాడు?"

"నాతో పనిజేసేటాయనవ్వా."

"ఇద్దరూ ఒకేతూరి వచ్చినారే!" అంది ముసలామె ఆశ్చర్యంగా. "మొదట్లోనే రాకూడదా?"

కాలనీ మలుపులో, సీలింగు కొట్టే జిప్సం రేకులు వేసుకున్న పులివెందుల ఆటో హారన్ కొడుతూ వస్తోంది. జీషాన్ కాళ్ళు చాపి గడపకు అడ్డంగా పెట్టాడు. మిగిలిన సందులోకి షారోన్ జరిగి కూర్చుంది.