నాగరత్తమ్మ బండను వెతుక్కుంటూ నాగార్జునకొండకు

ఒకరోజు పొద్దున, నరసరావుపేటలోని మా రేడియో రిపేరు షాపులో, బాగుచేసిన సెట్టు సరిగా పలుకుతుందో లేదో చూద్దామని పెట్టాను. నాగార్జునకొండ శిల్పాల మీద ఎవరో ప్రసంగం చేస్తున్నారు. పాల గిన్నెతో వెళ్తున్న పక్కింటి నాగరత్తమ్మత్త గడప దగ్గర ఆగిపోయి, అది అయ్యేదాకా నిలబడి వింది.

"కరీమూ, నా బండ అక్కడుందో లేదో చూడాల. తీసకపోతావా?" అంది.

ఆ బండ కథ మా వీధిలో అందరికీ తెలుసు. అత్త కాపురానికి వెళ్లిన ఊరు కృష్ణ పక్కన లోయలో ఉండేది. ఇప్పుడది సాగర్ నీళ్ల కింద ఉంది. వాళ్లింటి వెనక బట్టలుతికే బండ ఒకటి, నున్నటి వైపు పైకి పెట్టి వేసి ఉండేదట. లోయలో తవ్వకాలు జరుగుతున్న రోజుల్లో, దాని కింద పాము దూరిందని అత్త గునపంతో అంచు ఎత్తి చూసింది. పాము లేదు గానీ, మట్టిలోకి ఉన్న వైపున ఏనుగూ, ఆడవాళ్లూ కనిపించారు. కొత్త కోడలు ఎవరినీ అడక్కుండా వెళ్లి తవ్వకాల ఆఫీసరుకు చెప్పేసింది. మర్నాడే వాళ్లొచ్చి బండిలో వేసుకుపోయారు.

ఇంట్లో లక్ష్మిని దానం చేసిందని ఆమె అత్తగారు బతికున్నన్నాళ్లూ దెప్పింది. ఆ ముసలమ్మ పోయాక ఆ పని అత్త మొగుడు కోటయ్య మామ అందుకున్నాడు. బండ పోయింది, దాని వెనకే ఊరూ పోయిందంటాడు. పాతికేళ్లు దాటినా ఆ మాట పాతబడలేదు. ఆ బండ కొండ మీది మ్యూజియంలో ఉంటే అత్త చేసింది మంచి పని. ఏ నీళ్లలోనో వదిలేసి ఉంటే మామ మాటే నెగ్గుతుంది.

శుక్రవారం మ్యూజియానికి సెలవు, వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాలి. మేం గురువారం తెల్లారకముందే బస్సెక్కి పిడుగురాళ్ల స్టేషన్ చేరాం. ఆరింటికి రావాల్సిన మాచర్ల ప్యాసింజరు అలవాటు ప్రకారం అరగంట ఆలస్యంగా వచ్చింది. మామ కూడా ఎక్కాడు. బండ లేదని కళ్లారా చూడ్డానికే వస్తున్నానని ముందే చెప్పాడు. ఊరు దాటేలోపే సున్నపు బట్టీల పొగ కిటికీల్లోంచి వచ్చి అందరి తలలూ నెరిపింది. నడికుడిలో బండి ఎంతకీ కదలకపోతే మా ఆవిడ కట్టిచ్చిన రొట్టెలూ, అత్త తెచ్చిన పులిహోరా అక్కడే కానిచ్చేశాం. మాచర్లలో దిగేసరికి పది. బస్సులో నిలబడే ప్రయాణం. పదకొండుంపావుకి విజయపురి సౌత్ లాంచీ రేవులో ఉన్నాం.

లాంచీ నిండాక గాని కదల్లేదు. ఎండిన మోడు మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఒక లకుముకి పిట్ట నీళ్లలో మునిగి చేపతో లేచింది. నేను దాన్నే చూస్తుంటే, ప్యాంటు వేసుకుని కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దమనిషి, రాజులు ఆ స్తూపాలన్నీ ఇన్ని నీళ్ల మధ్య దీవిలో ఎలా కట్టించారో అని ఆశ్చర్యపోతున్నాడు. మామకు ఒళ్లు మండింది.

"అప్పుడు నీళ్లు యాడియి? నువ్వు తేలతా ఉంది మా జొన్న చేల మీద" అన్నాడు.

పెద్దమనిషి కళ్లజోడు తీసి తుడుచుకుని నీళ్లలోకి చూశాడు. నా ఛాతీ కొంచెం ఉబ్బిన మాట నిజం. పల్నాడంటే పౌరుషాలూ కక్షలూ తప్ప ఏముందనే బంధువులు నాకు గుంటూరు నిండా ఉన్నారు. వాళ్లనందర్నీ ఈ లాంచీ ఎక్కించాలనిపించింది.

ముప్పావు గంటకు దీవి చేరాం. రెండింటికల్లా రేవులో లేకపోతే వదిలేసి పోతానన్నాడు లాంచీ అతను. సీతాఫలం పొదల మధ్య నుంచి బాట. లోయలోంచి తెచ్చి పైన మళ్లీ కట్టిన స్తూపాలు దారి పక్కన ఉన్నాయి. నడక పెద్దదేం కాదు గానీ, నీడ తక్కువ కాబట్టి గొడుగు తీసుకెళ్లడం మంచిది.

మ్యూజియంలో మొదటి ఏనుగును చూడగానే ఇదే నా బండ అంది అత్త. నాలుగడుగులు వేశాక ఇంకో ఏనుగు. అదీ తనదే అంది. మూడో ఏనుగు దగ్గర ఆమె ముఖం వాడిపోయింది. ఒక్కసారి, అదీ పాము భయంతో చూసిన బొమ్మ. ఇన్నేళ్లకు గుర్తుపట్టడం ఎవరి తరం? పైగా ఆమెకు బాగా తెలిసిన నున్నటి వైపు గోడకు ఆనుకుని ఉంది. మామ విసుక్కుంటూ ముందుకు వెళ్లిపోయాడు. ఒంటిగంటన్నర దాటింది. ఆమెను ఎందుకు తెచ్చానా అని నన్ను నేను తిట్టుకున్నాను.

చివరి వరసలో ఒక రాతి పక్కన మామ వంగి నిలబడి ఉన్నాడు. చానాసేపు లేవలేదు. తర్వాత తల తిప్పకుండానే పిలిచాడు.

"ఏమే, ఇట్రా."

ఆ రాతి అంచు మీద, మూలకు దగ్గరగా, పక్కపక్కనే నాలుగు గాళ్లు అరిగి ఉన్నాయి. మామ బొటనవేలు ఒక గాడిలో సరిగ్గా ఇమిడింది. ముట్టుకోకూడదంటూ కాపలా మనిషి గబగబా వచ్చాడు.

"నేను ముట్టుకోకూడదా? ఇయ్యి నా కొడవలి గాళ్లు. ఏడేళ్లు దీని మీదే నూరా" అన్నాడు మామ.

కాపలా మనిషి వంగి గాళ్లను చూశాడు, మామ చేతిని చూశాడు. అవి ఏ కాలపు దెబ్బలో అనుకునేవాణ్నని ఒప్పుకుని, కాసేపు అటువైపు తిరిగి నిలబడ్డాడు.

అత్త గాళ్ల వంక చూడనే లేదు. లేతాకుపచ్చ రాతి మీద, మోకాళ్ల మీద వంగిన ఏనుగు చుట్టూ నిలబడిన ఆడవాళ్లను ఒక్కొక్కరినే చూస్తోంది.

"ఎంత సక్కగా ఉండారో చూడు కరీమూ. అప్పుడు మొహాల నిండా మట్టి. వీళ్ల నెత్తిన నేను బట్టలు బాదా" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

లాంచీని పరిగెత్తి అందుకున్నాం. సాయంత్రం మాచర్లలో రైలెక్కేసరికి కాళ్లు పీకుతున్నాయి గానీ, మనసు మాత్రం నిండుగా ఉంది. దేశదేశాల నుంచి జనం లాంచీ ఎక్కి వచ్చి చూసే రాయి మా పక్కింటావిడ పెరట్లోది. పల్నాడు బిడ్డనని చెప్పుకోవడానికి నాకిక వేరే కారణం అక్కర్లేదు.

ఎదురు సీట్లో, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడు, ఎక్కణ్నుంచి వస్తున్నారని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మామ అందుకున్నాడు.

"కొండ మీద మా బండ ఉంది, చూసొస్తున్నాం. ఏడేళ్లు దాని మీద కొడవలి నూరా, ఒక్కనాడన్నా తిప్పి చూళ్లా. చూసింది ఈమె."

నరసరావుపేట చేరేలోపు ఆ మాట ఇంకో ముగ్గురికి చెప్పాడు. అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది గానీ, చెప్పిన ప్రతిసారీ వింటూనే ఉంది.