బస్తాలు మోసే మామ

బీదర్ గాంధీ గంజ్‌లోని మా పప్పుల దుకాణంలో బస్తాలు మోసే హమాలీని చిన్నప్పటి నుంచి మామా అనే పిలిచేదాన్ని. ఏ బస్తానైనా ఎత్తే ముందు అరచేత్తో ఓసారి తట్టేవాడు. వీడియో గేములకు బొమ్మలు గీసే కోర్సులో చేరాక, బస్తా మోస్తున్న ఓ హమాలీ పాత్రను గీసి గొప్పగా ఆయనకు చూపించాను.

"బొమ్మ మంచిగుంది బిడ్డా. గని సంచిల దూది ఉన్నట్టుంది" అన్నాడు.

నా ముఖం మాడిపోయింది. ఆయన కందిబస్తా తట్టి, వీపు మీదికి ఎత్తుకొని, "జర సూడు, ముందుగాల మోకాలు వంగుతది" అంటూ అలాగే నిలబడ్డాడు. దించమని చెప్పడం కూడా మరిచిపోయి గీస్తూనే ఉన్నాను.

కొత్త బొమ్మ ఆయనకు చూపించాను. చూస్తుండగానే ఆయన చెయ్యి మెల్లగా తన మెడ మీదికి పోయింది. ఆయన కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారి ఉంటుందని, ఇన్నేళ్లలో నేను ఆ రోజే చూశాను.