రెండోసారి అడగని ఫోను

పెళ్లి చేసుకుందామా అని కర్ట్ హాగెన్ మొదటిసారి అడిగినప్పుడు జానెల్, "అబ్బే, నీకు నాకంటే మంచి పిల్ల దొరుకుతుందిలే" అంది. ఆ మాటకు సరేనని అర్థమని కర్ట్‌కి తెలుసు. అతనిదీ ఆ ఊరే. ఓపిగ్గా ఇంకో రెండుసార్లు అడిగాడు. మూడోసారికి ఆమె, "నీకేం ఇబ్బంది లేకపోతే నాకూ లేదు" అంది. అలా పెళ్లయింది.

మిన్నెసోటా ఉత్తరాన, సరస్సు గడ్డకట్టాక దాని మీద బండ్లు నడుపుకునే ఆ ఊళ్లో, కాఫీ దగ్గర్నుంచి కాపురం దాకా అన్నీ ఇలాగే సాగుతాయి. మొదటిసారి అడిగితే వద్దనాలి. అడిగినవాళ్లు మళ్లీ అడగాలి. మళ్లీ వద్దనాలి, కాకపోతే కొంచెం మెత్తగా. మూడోసారి "మరీ అంతగా అంటున్నారు కాబట్టి సగం కప్పు" అనాలి. నిండు కప్పు వస్తుంది. ఆదివారం ప్రార్థనయ్యాక చర్చి కింది హాల్లో బార్లనే తియ్యటి కేకు ముక్కల పళ్లేలు పెడతారు. చివరి ముక్కను ఎవరూ తీసుకోరు. ఒకరొచ్చి దాన్ని సగం కోసి తీసుకుంటారు. ఇంకొకరు ఆ సగంలో సగం. అలా కోసుకుంటూ పోయి చివరికి చీమ తలంత ముక్క పళ్లెంలో మిగిలిపోతుంది. దాన్ని పళ్లేలు కడిగేవాళ్లు అటూ ఇటూ చూసి నోట్లో వేసుకుంటారు. ఆ కడిగే పని ఎక్కువగా జానెలే అడిగి మరీ చేసేది. ఎందుకో ఎవరూ అడగలేదు.

ఈ మర్యాద పట్టని మనిషి ఆ హాలంతటికీ ఒక్కతే ఉంది. జానెల్ కూతురు బ్రిట్టా. అయిదేళ్ల పిల్ల నేరుగా వచ్చి, పళ్లెంలోని చివరి బారు తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా బల్ల కిందికి వెళ్లిపోయేది. అందరూ నవ్వేవారు. బ్రిట్టాకి మాటలు రాలేదు. పచ్చడి సీసాల రేకు మూతలంటే ప్రాణం. వాటిని నేల మీద బొంగరాల్లా తిప్పుతూ, ఆగిపోయేదాకా చెంప నేలకానించి చూసేది.

ఆటిజం అని డాక్టరు చెప్పాక, థెరపీ ఎంత తొందరగా మొదలైతే అంత మంచిదని కూడా చెప్పింది. కర్ట్ పనిచేసే కిటికీల ఫ్యాక్టరీ ఇచ్చే ఇన్సూరెన్సు దానికి వర్తిస్తుంది. దొరకవలసింది థెరపీ చేసేవాళ్లే. ఇన్సూరెన్సువాళ్లు చెప్పిన చోట్లన్నిటికీ జానెల్ చలికాలమంతా ఫోన్లు చేసింది. ఒకటి ఎప్పుడో మూసేశారు. ఒకటి ముసలివాళ్ల మోకాళ్లకి. ఇంకోచోట ఎత్తినవాడు తనది టైర్ల షాపని చెప్పి, పాపం పిల్లకెలా ఉందని అడిగాడు. "పర్లేదండి, బాగానే ఉంది" అంది జానెల్. ఆ ఊళ్లో ఆ ప్రశ్నకి ఇంకో జవాబు లేదు.

మంచు కరగడం మొదలయ్యాక ఇన్సూరెన్సు కంపెనీ నుంచి రాక్సాన్ అనే ఆమె ఫోన్ చేసింది. చాలా హుషారైన గొంతు.

"మేడమ్, శుభవార్త. మీకు దగ్గర్లోనే, కారులో ముప్పావు గంట దూరంలో ఒక సెంటర్లో చోటు ఖాళీ అయింది. రోజూ ఉదయంపూట. మా వైపు నుంచి అనుమతి కూడా వచ్చేసింది. పాపకి తీసుకుంటారా?"

జానెల్ చెయ్యి అప్పుడే కారు తాళాల మీదికి వెళ్లింది. నోరు మాత్రం పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ నేర్చుకున్న మాటే చెప్పింది.

"అయ్యో, రోజూనా? అంత శ్రమ మీకెందుకండి. మాకంటే అవసరమున్నవాళ్లు ఎంతమంది ఉంటారో. మేం ఎలాగో నెట్టుకొస్తున్నాం లెండి."

"ఓ, అలాగా మేడమ్. ఎంత మంచి మనసండీ మీది. అయితే తర్వాతి వాళ్లకి ఇచ్చేస్తాను. ఉంటానండి."

ఫోను ఆగిపోయింది. జానెల్ దాన్ని చెవి దగ్గరే పట్టుకుని ఉంది. ఇంకో రెండుసార్లు అడగాలి కదా.

రాక్సానే మళ్లీ చేస్తుందనుకుంది. బట్టలు ఉతుకుతుంటే ఫోను వాషింగ్ మెషిన్ మీద పెట్టుకుంది. స్నానానికి వెళ్తే సబ్బు పక్కన పెట్టుకుంది. తనే చేసి అడుగుదామని తీసి, పెట్టేసింది. వద్దని చెప్పిన మనిషి వెంటనే ఫోన్ చేసి కావాలంటే ఎంత సిగ్గుచేటు. రాత్రి భోజనం దగ్గర కర్ట్ అడిగాడు, "ఫోనేమైనా వచ్చిందా?" అని. "ఇంకా లేదు" అంది. మర్నాడూ అడిగాడు. మర్నాడూ అదే చెప్పింది.

వారం చివర అత్తగారు ఆర్డిస్ ఒక ట్రే నిండా రబార్బ్ అనే పుల్లటి కాడలతో బార్లు చేసి తెచ్చింది. కోడలి మొహం చూసి కోటు కూడా విప్పకుండా కూర్చుంది.

"ఏమైందే అమ్మాయ్?"

"ఏం లేదత్తయ్యా."

"ఏమైంది?"

"నిజంగా ఏం లేదు."

"ఏమైందో చెప్పు."

మూడుసార్లూ అయ్యాయి కాబట్టి జానెల్ చెప్పేసింది. ఆర్డిస్ విని ట్రే పక్కకి జరిపింది.

"మళ్లీ అడగలేదూ?"

"లేదు."

"ఒక్కసారైనా?"

"లేదత్తయ్యా. ఉంటానండి అంది."

"ఎక్కడి మనిషి?"

"అరిజోనా అట."

"అక్కడ చలి ఉండదు" అంది ఆర్డిస్, ఆమె తరఫున ఏదో ఒకటి చెప్పాలన్నట్టు. తర్వాత, "ఆ నంబరు కలుపు" అంది.

రాక్సానే ఎత్తింది. జానెల్ స్పీకరు పెట్టి, ఎంతో సిగ్గుపడుతూ ఆ చోటు సంగతి అడిగింది.

"అది ఆ రోజే వేరే పాపకి ఇచ్చేశాం మేడమ్. మీరు నెట్టుకొస్తున్నామన్నారు కదా, అలాగే రాశాను. మళ్లీ మొదలుపెట్టాలంటే ఇప్పుడు పాప పరిస్థితి ఎలా ఉందో మీరు చెప్పాలి. ఎలా ఉంది?"

"పర్లేదండి, బాగానే..." అంది జానెల్. అనేశాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బల్ల కింద రేకు మూత ఒకటి గిర్రున తిరుగుతోంది.

ఆర్డిస్ ఫోను తనవైపు లాక్కుంది. ఈ ఆర్డిస్, పెనిమిటి వెర్నర్ చేపలకి వెళ్లి సరస్సులో మంచు విరిగి మునిగి చనిపోయినప్పుడు, పరామర్శకి వచ్చినవాళ్లతో "ఆ యేడు మంచు కాస్త పలచన" అని మాత్రమే అన్న మనిషి.

"నేను పిల్ల నాన్నమ్మని. మా కోడలు అబద్ధం చెబుతోంది. బాగా లేదు. దాహమేస్తే అడగడం రాక తల గోడకేసి కొట్టుకుంటుంది. మొన్న చలికాలం ముందు మేజోళ్లతో సరస్సు వైపు పరిగెత్తింది. అందరం పేరు పెట్టి అరిచాం. వెనక్కి తిరగలేదు. మా ఆయన్ని మింగిన సరస్సు అది. మా కోడలు రాత్రుళ్లు తలుపుకి అడ్డంగా పడుకుంటుంది, మీకు చెప్పదు." కొంచెం ఆగింది. "పిల్లకి అయిదేళ్లొచ్చాయి. ఒక్కసారి నన్ను నాన్నమ్మా అనలేదు. అనకపోతే ఏముందిలే అని చర్చిలో అందరితో అంటాను. ఉంది. నాకు ఉంది."

జానెల్ అత్తగారి వైపు చూడలేకపోయింది. బల్ల కింద మూత ఆగింది. ఇదంతా బ్రిట్టా వింటోందా, విన్నా ఎంత అర్థమవుతుందో, ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ మాట తోచగానే ఆర్డిస్ గొంతు తగ్గించేసింది, అప్పటికే ఆలస్యమైనా.

రాక్సాన్ గొంతులో హుషారు లేదు. "ఇది మొన్న చెప్పి ఉంటే ఆ చోటు ఎవరికీ ఇచ్చేదాన్ని కాదమ్మా. ఇప్పుడు అక్కడ మీ ముందు చాలామంది ఉన్నారు. వచ్చే చలికాలం దాటాక రావచ్చు. ఇంకా ఆలస్యం కావచ్చు కూడా. పేరు పెట్టమంటారా?"

"పెట్టండి" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఫోను పెట్టేశాక ఆర్డిస్ కోటు విప్పి, ట్రే కోసి, కాఫీ పోసింది. ఇద్దరూ ఎంత తిన్నారో వాళ్లకే తెలియదు. చివరికి ఒక్క బారు మిగిలింది.

"మీరు తీసుకోండత్తయ్యా."

"నాకొద్దు, నువ్వు తిను."

"వద్దులెండి, మీరే..."

చిన్న చెయ్యి ఒకటి బల్ల కింది నుంచి పైకొచ్చి, తడుముకుని, ఆ బారు తీసుకుని వెళ్లిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆర్డిస్ వంగి, కోడలి మోకాళ్ల పక్క నుంచి బల్ల కిందికి చూస్తూ ఉండిపోయింది. అటునుంచి ఎవరూ ఇటు చూడలేదు.

సాయంత్రం కర్ట్ బూట్లు గుమ్మం దగ్గర విప్పుతూ, "ఫోనేమైనా వచ్చిందా?" అన్నాడు.

ఒక్కసారే అడిగాడు. జానెల్ మొదటిసారికే చెప్పేసింది.